కుర్చీలు లేని ఇంటికి

తెనాలి స్టేషను

తెనాలి స్టేషన్లో రైలు దిగేటప్పుడు నన్ను ముగ్గురు పట్టుకున్నారు. ఒకాయన మోచేయి, ఒకావిడ సంచీ, ఇంకొకాయన ఏకంగా భుజం. నేనేమీ పడబోలేదు. పడేలా కనిపించానేమో తెలీదు. "మామ్మగారూ, నిదానంగా... కాలు చూసుకోండి" అంటూ నన్ను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మా అనంతపురంలో ఇలా చెయ్యి వేయరు. దూరంగా నిలబడి "అవ్వా, మెల్లిగా దిగు" అని సలహా మాత్రం ఇస్తారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషికి ఈ రెంటిలో ఏది మేలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నేను డ్రిల్లు టీచర్ని. రిటైరయ్యాను గానీ ఆ ఉద్యోగం ఒంట్లోంచి పోలేదు. రోజూ పార్కులో నడుస్తాను. వంటింటి గట్టు దగ్గర ఒంటికాలి మీద నిలబడి పాలు కాస్తాను, అవి పొంగేదాకా కాలు దించను. ఈ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్తూ ఉంటాను.

నేను తెనాలి వచ్చింది మస్తాన్‌బీ కోసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో చీరాలలో ఒక ఆడపిల్లల బడిలో నేను డ్రిల్లు చేయించేదాన్ని, ఆమె కుట్టుపని నేర్పేది. తర్వాత నేను బదిలీ మీద మా ఊరు వెళ్ళిపోయినా ఫోన్లు మానుకోలేదు. పోయిన వానాకాలం ఆమె ఇంటి ముందు మెట్టు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అది అతికింది. కాళ్ళకేమీ కాలేదు. కానీ అప్పట్నుంచి నడవడమే మానేసిందని ఆమె కొడుకు బాషా ఫోన్లో చెప్పాడు.

"డాక్టరుగారు నడవొచ్చన్నారండి. అమ్మీనే లేవట్లేదు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి టీచరుగారూ" అన్నాడు. ఒక్క మాట చెప్పమని అడిగితే నేను ఎంత దూరమైనా వెళ్తాను.

తెనాలి: కాలు కింద పెట్టనివ్వని కోడలు

బాషాకి బట్టల కొట్టుంది. దాని వెనక సందులోనే ఇల్లు. అడ్రసు చెప్పగానే ఆటో అతను "ఆ ఇల్లా? అత్తగారిని కాలు కింద పెట్టనివ్వని కోడలండి ఆవిడ. పెట్టి పుట్టాలి" అన్నాడు. సందులో దారి చూపించిన ఆవిడ కూడా అదే మాటంది. వీధి మొత్తం బాషా భార్య షబానాను మెచ్చుకుంటోంది.

మస్తాన్‌బీ కిటికీ పక్కన చేతులున్న కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి చాచితే అందేలా మంచినీళ్ళ సీసా, మాత్రల డబ్బా, జపానికి తస్బీ మాల, కోడల్ని పిలవడానికి ఒక బెల్లు. నన్ను చూసి మొహం విప్పారింది.

"ఏంటి డ్రిల్లూ, ఇంత ముసలిదానివైపోయావు?"

"నేను ముసలిదాన్నయ్యాను సరే, నువ్వు లేచి ఎదురు రావేం?"

ఆమె షబానా వైపు చూసింది. షబానా అప్పటికే పరిగెత్తుకొచ్చి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. "వద్దమ్మీ, వద్దు! ఆంటీగారే మీ దగ్గరికొస్తారు."

మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా. పప్పులో మాంసం, సొరకాయ, చింతపండు వేసి చేసే ఈ దాల్చా కోసం చీరాలలో నేను ఆదివారాలు పిలవకుండానే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. షబానా చేతి రుచి అత్తగారికి ఏమీ తీసిపోదు. నేను బల్ల దగ్గరికెళ్ళి తిన్నాను. మస్తాన్‌బీకి మాత్రం పళ్ళెం ఒళ్ళోకే వచ్చింది, చెయ్యి కడుక్కోవడానికి గిన్నె కూడా ఒళ్ళోకే వచ్చింది. అంత అవసరమా అని అడిగాను.

"కోడలుండగా అత్తగారు లేవడమేంటండీ? చూసినవాళ్ళు నన్నేమనుకుంటారు?" అంది షబానా. ఆ పిల్ల మంచిదే. మా వైపు అత్తలు ఇల్లంతా తిరుగుతూ కోడళ్ళను తిడతారు. ఒక రకంగా అది వ్యాయామమే.

నమాజు వేళకు షబానా కుర్చీని పడమటి వైపు తిప్పింది. మస్తాన్‌బీ కూర్చునే చేతులు కట్టుకుంది. సజ్దా దగ్గర, అంటే మోకాళ్ళ మీద ఉండి నుదురు నేలకి ఆనించాల్సిన చోట, ఆమె నడుము కాస్త వంచి గాల్లోనే ఆగింది. అయ్యాక వేళ్ళతో నుదురు రుద్దుకుంటూ కూర్చుంది.

సాయంత్రం నా ఒక్క మాట చెప్పాను. అది దాదాపు గంట సాగింది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడమన్నాను. షబానా ఒక రెక్క, బాషా ఒక రెక్క పట్టుకుంటే మస్తాన్‌బీ లేచింది. కాళ్ళు వణికాయి. "చూశారా, వణుకుతున్నాయి" అని ఇద్దరూ కలిసి కూర్చోబెట్టేశారు. నెలల తరబడి వాడని కాళ్ళు వణక్కుండా ఎలా ఉంటాయి? నాకు కోపమొచ్చి బజారుకెళ్ళి బెల్లం జిలేబీ కొనుక్కు తిన్నాను. పావుకిలో పొట్లం కట్టించాను గానీ ఇంటికి చేరేసరికి అది పావుకిలో లేదు.

ఆ రాత్రి భోజనాల వేళ రేపల్లె నుంచి మస్తాన్‌బీ అక్కగారి ఫోను వచ్చింది. అందరూ ఆవిణ్ణి ఆపా అంటారు. ఎనభై దాటాయి. "నేను బస్సెక్కలేను, నువ్వే రా. చూడాలనుంది" అందట. మస్తాన్‌బీ ఏడ్చింది. బాషా కాసేపు గింజుకుని చివరికి ఒప్పుకున్నాడు. "టీచరుగారు పక్కనుంటే పడనివ్వరుగా" అన్నాడు. నేను తల ఊపాను. కాస్త చుట్టయినా ఒకరోజు బాపట్లలో ఆగి సముద్రం చూసి వెళ్దామన్నది నా సలహా. కారు మాట్లాడారు. డిక్కీలో షబానా ఒక మడత కుర్చీ పెట్టించింది, నమాజుకి.

బాపట్ల: సూర్యలంక ఇసుక

డ్రైవరు సుబ్బారావు నలభై ఏళ్ళ మనిషి. బాషా గట్టిగా చెప్పి పంపినట్టున్నాడు, ఆగిన ప్రతిచోటా ఫోను తీసేవాడు. "దిగారండి... కూర్చున్నారండి... టిఫిన్ చేస్తున్నారండి... ఎక్కారండి."

"నేను మూత్రానికెళ్ళింది కూడా చెప్తాడేమో చూడు" అని మస్తాన్‌బీ నా చెవిలో గొణిగింది.

దారిలో ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద కారప్పొడి చల్లి నెయ్యి పోసి ఇచ్చారు, ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఉగ్గాని, బజ్జీ తిని టీ కూడా తాగొచ్చు. అల్లం పచ్చడి విషయంలో మాత్రం ఈ జిల్లావాళ్ళతో పోటీ పడలేం.

సూర్యలంక బీచికి సాయంత్రం వెళ్ళాం. చీరాల రోజుల్లో పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు ఇక్కడ ఇన్ని కొట్లు లేవు. ఇప్పుడు చేపల వేపుళ్ళు, మొక్కజొన్న కండెలు, గుర్రం సవారీ, ఫోటోలు. ముంత మసాలా ముప్పై రూపాయలు. ఇసుక మొదలయ్యే చోట మస్తాన్‌బీ ఆగిపోయింది. కాలి కింద ఇసుక జారుతుంటే నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. సుబ్బారావు మడత కుర్చీ అక్కడే వేశాడు. నేను పక్కన ఇసుకలో నిలబడ్డాను. కాసేపటికి ఆమె తనంతట తనే మాట్లాడింది.

"చేతకానివాళ్ళు కుర్చీలో చదువుకోవచ్చు. మా దాంట్లో ఆ వెసులుబాటు ఉంది. నాకు చేతకాకనా? మోకాళ్ళు బావున్నాయని డాక్టరే అన్నాడు. నేను భయపడి కూర్చుంటున్నా. రేపు అల్లా అడిగితే ఏం చెప్పను? కోడలు వద్దందని చెప్పనా?"

"దిగి చూడు మరి."

"దిగడానికేముంది, దిగొచ్చు. లేవలేకపోతే?"

ఆమెది పడిపోతానన్న భయమనే నేను అప్పటిదాకా అనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"పడ్డ రోజు ఇంట్లో ఎవరూ లేరు" అంది. "వాన. వాళ్ళు పెళ్ళి నుంచి వచ్చిందాకా ఆ మెట్టు కిందే కూర్చున్నా. చెయ్యి నొప్పి అంతగా గుర్తు లేదు. లేవబోవడం, మళ్ళీ చతికిలబడటం, అదే గుర్తుంది. చచ్చేలోపు ఒక్కసారి నుదురు నేలకి ఆనించాలని ఉంది డ్రిల్లూ. ఒక్కసారి. కానీ మళ్ళీ అట్లా కూర్చుండిపోతే నా వల్ల కాదు."

"లేవడమెంత పని? చెయ్యి ఆనించి లేవడమే" అన్నాను. ఎలా లేవాలో చూపించే బదులు, నా కాళ్ళు ఎంత గట్టివో చూపించాలని నీళ్ళ వైపు నడిచాను. గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు. పిక్కల లోతు నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి ఆమె వైపు తిరిగి చెయ్యి ఊపాను. అల వచ్చి కాలి కింద ఇసుక లాగేసింది. నీళ్ళలో కూలబడ్డాను.

కూలబడ్డానని నాకు తెలిసేలోపే నరసరావుపేట నుంచి వచ్చిన ఒక కుటుంబం మొత్తం నన్ను చంకల కింద పట్టి లేపేసింది. "అయ్యో పిన్నిగారూ, దెబ్బ తగిలిందా?" అంటూ ఒకామె నా చీర పిండుతోంది. సుబ్బారావు పరిగెత్తుకొచ్చాడు. మస్తాన్‌బీ కూడా కుర్చీలోంచి లేచి, ఎవరి చెయ్యీ లేకుండా ఇసుకలో నా దగ్గరికి వచ్చేసింది. వచ్చాక తనెక్కడుందో చూసుకుని నన్ను గట్టిగా పట్టుకుంది. అందరూ కలిసి మమ్మల్ని కారెక్కించారు. వాళ్ళు తొందరపడ్డారు గానీ నేనే లేచేదాన్నని దారి పొడవునా మస్తాన్‌బీకి చెప్తూనే ఉన్నాను.

పొద్దున, రాత్రి పడుకున్న లాడ్జి దగ్గర డిక్కీ తీస్తే మడత కుర్చీ లేదు. నన్ను లేపే హడావుడిలో దాన్ని ఇసుకలోనే వదిలేశాం. సుబ్బారావు ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. దొరకలేదు. ఈ ఒక్క సంగతీ అతను బాషాకి ఫోను చేసి చెప్పలేదు.

నగరం మీదుగా

బాపట్ల దాటి నగరం అనే ఊరి వైపు వెళ్తుంటే ఎటు చూసినా కాలువ, వరి, తాటిచెట్లు. బోరు ఎండిపోతే ఊరే ఎండిపోయే చోటు నుంచి వచ్చిన నాకు ఇన్ని నీళ్ళు చూస్తే కొంచెం అసూయగానే ఉంటుంది. పంటకాలువల మీద అక్కడక్కడా తాటిమాను అడ్డంగా పడేసి ఉంటుంది. అదే వంతెన. టీ కోసం ఆగిన చోట మా ఈడుదే ఒకామె తల మీద గడ్డిమోపుతో, చెవి దగ్గర ఫోనుతో, ఎవర్నో తిట్టుకుంటూ ఆ మాను మీద నడిచి వచ్చేసింది. మస్తాన్‌బీ కళ్ళు మూసుకుంది. "వచ్చేసిందా?" అని అడిగి, వచ్చేసిందని చెప్పాకే తెరిచింది. అంత ధైర్యం నాకూ లేదు. అది ధైర్యమా, అలవాటా అని ఆలోచిస్తూ టీ చల్లార్చుకున్నాను.

రేపల్లె: ఆపా ఇల్లు

ఆపా ఇంట్లో కుర్చీలు లేవు. ఒక పట్టె మంచం, రెండు చాపలు, గోడ పక్కన చుట్టిపెట్టిన జానిమాజు, అంటే నమాజు తివాసీ. మేం వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చెల్లెల్ని చూసి, మోకాలి మీద ఒక చెయ్యి వేసుకుని లేచి వచ్చి వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

"ఆపా, నువ్వు పడవా?" అని మస్తాన్‌బీ అడిగింది.

"పడనా మరి? పంపు దగ్గర పడ్డా, గుమ్మంలో పడ్డా. తిట్టుకుంటా లేస్తా" అంది ఆపా. నేను ఆవిడ్ని మెచ్చుకోను. పంపు దగ్గర పాచి పట్టి ఉంది, గుమ్మంలో చాప అంచు లేచి ఉంది. ఆ చాప నేనే మడిచి పక్కన పెట్టాను.

రొయ్యల ఇగురు, మామిడికాయ ముక్కలేసిన పప్పు, వేడన్నం. చాప మీద కూర్చుని తినమంది ఆపా. మేమిద్దరం మంచం మీద కూర్చుని తిన్నాం. భోజనాలయ్యాక ఆపా నమాజు ముగించుకుని, రెండిళ్ళ అవతల పెళ్ళివారింట్లో బియ్యం ఏరడానికి రమ్మన్నారని చెప్పి వెళ్ళిపోయింది. సుబ్బారావు కారులో నిద్రపోవడానికి నీడ వెతుక్కుంటూ ఎటో వెళ్ళాడు. నా ఫోను కిటికీలో ఛార్జింగ్ పెట్టాను. ఇంట్లో మేమిద్దరం మిగిలాం.

మస్తాన్‌బీ పంపు దగ్గర వజూ చేసుకుంది. నమాజుకి ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడాన్ని అలా అంటారు. నేను రెక్క పట్టుకునే ఉన్నాను. లోపలికొచ్చి ఆమె మంచం వైపు చూసింది, చుట్టిపెట్టిన జానిమాజు వైపు చూసింది.

"మంచం మీద చదువుకో" అన్నాను.

"మంచం మీదా, రోగిష్టిదాన్లాగా?" అని జానిమాజు తనే పరిచింది. "నువ్వున్నావుగా."

నిలబడింది. నడుము వంచింది. తర్వాత మోకాళ్ళు వంచి, చేతులు ఆనించి, మెల్లిగా నేలకి దిగింది. నుదురు ఆనింది. అలాగే ఉండిపోయింది. ఎంతసేపో నేను చూడలేదు, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మతం నాది కాదు, ఆ ప్రార్థనలో ఒక్క ముక్క నాకు రాదు. అయినా ఏడుపొచ్చింది.

కూర్చుంది. మళ్ళీ ఒకసారి నుదురు ఆనించింది. ఆ తర్వాత లేచి నిలబడి, ఆ వరసంతా మళ్ళీ చేయాలి. చేతులు నేల మీద ఉన్నాయి, మోకాళ్ళు నేల మీద ఉన్నాయి, అక్కడ ఆగింది. ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. నమాజులో మాట్లాడకూడదు గనక నన్ను పిలవలేదు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఉండు, ఉండు, నేనొస్తున్నా" అని మంచం దిగి వంగాను. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. నా మోకాలు ఒక చప్పుడు చేసింది. ఆమె లేవలేదు. నేనే ఆమె పక్కన సిమెంటు నేల మీద కూలబడ్డాను.

మస్తాన్‌బీ భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆపుకోవాలని పెదాలు కొరుక్కుంటోంది. "పాలు... ఒంటికాలి మీద... పాలు కాస్తుందంట!" అని పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

తర్వాత నేను లేవబోయాను. లేవలేకపోయాను.

చెయ్యి ఆనించి చూశాను. అటు తిరిగి, ఇటు తిరిగి చూశాను. అప్పుడు గుర్తుకొచ్చింది, నేను నేల మీద కూర్చుని ఏళ్ళయిందని. ఇంట్లో డైనింగ్ టేబులు. పూజకి చిన్న స్టూలు. గుళ్ళో పెద్దవాళ్ళకని వేసిన కుర్చీ. రోజూ నడుస్తాను, మెట్లెక్కుతాను, నేలకి మాత్రం దిగను. సూర్యలంకలో నేనే లేచేదాన్నని అన్నది వట్టి మాట. నాకు భయం వేసింది. ఫోను కిటికీలో ఉంది. సుబ్బారావు ఎక్కడున్నాడో తెలీదు. మస్తాన్‌బీ వానలో కూర్చున్న ఆ మెట్టు ఎలా ఉంటుందో నాకు బాగా అర్థమైంది.

"అరుద్దామా?" అన్నాను.

"పెళ్ళివారిల్లు మొత్తం దిగుతుంది. బాషాకి తెలుస్తుంది. ఇంక మంచం కూడా దిగనివ్వరు" అంది. చుట్టూ చూసింది. "ఆ మంచం దాకా పాకుదాం."

పాకాం. ఇద్దరు రిటైర్డు టీచర్లం, చంటిపిల్లల్లా చేతుల మీద, మోకాళ్ళ మీద. ఆమె రెండు మోచేతులూ మంచం పట్టె మీద వేసింది. ఒక పాదం ముందుకి తెచ్చి నేల మీద మోపింది. మంచం జరగబోయింది. నేను నా వీపు అవతలి కోడుకి ఆనించి అదిమాను. ఆమె "యా అల్లా" అని పళ్ళు బిగించి లేచింది. లేచి నిలబడి, తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మంచం మీద బరువంతా వేసి కూర్చుని "ఇప్పుడు నువ్వు" అంది. చెయ్యి అందించబోతే వద్దన్నాను, లాగితే ఇద్దరం మళ్ళీ కింద ఉంటాం. ఆమె చేసినట్టే చేశాను. ఆమె కంటే ఎక్కువసేపే పట్టింది.

మంచం మీద పక్కపక్కన కూర్చుని ఆయాసం తీర్చుకున్నాం. కిటికీలో ఫోను మోగింది. బాషా. "అమ్మీ ఎట్లా ఉందండి?" అన్నాడు. బాగుందని చెప్పాను.

ఫోను పెట్టేసేసరికి మస్తాన్‌బీ లేచి నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"పంపు దగ్గరికి. నమాజులో అట్లా నవ్వితే నమాజూ పోతుంది, వజూ కూడా పోతుంది. మళ్ళీ మొదటి నుంచి చదవాలి."

"దేవుడు ఇంతసేపు చూశాడుగా. మిగతాది మంచం మీద కానివ్వు."

"మిగతాదేంటి? ఏదీ లెక్కలోకి రాదు" అంది. గోడ పట్టుకుని ఒక్కతే పెరట్లోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి, పాచి లేని వైపు నుంచి వెళ్ళమని మాత్రం చెప్పాను. మోచేతుల నుంచి నీళ్ళు కారుతూ తిరిగొచ్చి, మంచాన్ని జానిమాజు పక్కకి లాక్కుంది.

"ఆ చివర కూర్చో. మంచం జరగనివ్వకు. నన్ను ముట్టుకోకు, నవ్వించకు."

కూర్చున్నాను. ఆమె చేతులు చెవుల దాకా ఎత్తి, దించి కట్టుకుంది. వంగింది. దిగింది. నుదురు ఆనించింది, కూర్చుంది, మళ్ళీ ఆనించింది. తర్వాత చెయ్యి చాచి మంచం పట్టె అందుకుంది. ఒక పాదం మోపింది. లేవలేదు. పాదం కొంచెం వెనక్కి జరుపుకుంది. చెయ్యి వణికింది, ఆ వణుకు మంచం అంతా పాకి నా దాకా వచ్చింది. నా చేతులు ఆమె వైపు వెళ్ళబోతే వాటిని నా తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

చాలాసేపటికి లేచింది. నా వైపు చూడలేదు. చేతులు కట్టుకుని ఆ వరస రెండోసారి మొదలెట్టింది.